పచ్చ టిక్కు పడింది, బిల్లు అందలేదు: పర్లాకిమిడి టోకు దుకాణంలో ఈమెయిల్ సెట్టింగుల కేసు

మే నెల రెండో వారంలో పర్లాకిమిడి నుంచి ఒక టోకు కిరాణా షావుకారు గారు ఫోను చేశారు. "బాబూ, నెలన్నరగా మా బిల్లులు ఎవరికీ అందడం లేదట. కంప్యూటర్‌లో చూస్తే అన్నిటికీ పచ్చ టిక్కే ఉంది. ఎవరి మాట నమ్మమంటావు?"

"ముందు మనుషుల మాట నమ్మండి షావుకారు గారూ" అన్నాను. మర్నాడు పొద్దున్నే బరంపురంలో బస్సెక్కాను.

ఊరి సంగతి తెలియనివారికి రెండు మాటలు. పర్లాకిమిడి గజపతి జిల్లా కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పట్టణం అటు వెళ్లింది. బంధుత్వాలూ బేరాలూ మాత్రం ఇటూ అటూ కలిసే ఉన్నాయి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. షావుకారు గారి ఖాతాదారుల్లో సగం మంది అటువైపు కొట్లవాళ్లే. ఊళ్లో కొట్టుకు సరుకు వేస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. పాతపట్నం కొట్టుకు వేస్తే ఐజీఎస్టీ. జీఎస్టీ నంబరు మొదట్లో ఇక్కడివారికి 21, అక్కడివారికి 37. లెక్క ఇలా రెండు రకాలు కాబట్టి సరిహద్దు అవతలి అకౌంటెంట్లు ప్రతి బిల్లునూ పీడీఎఫ్‌గా ఈమెయిల్‌లోనే అడుగుతారు. వాట్సాప్‌లో పంపితే అది పెళ్లి ఫొటోల మధ్య ఎక్కడో కలిసిపోతుంది. మొదట కేకలేసింది కూడా పాతపట్నం అకౌంటెంటు గారే. 20వ తేదీలోగా నెలవారీ జీఎస్టీ లెక్క, అంటే 3బీ రిటర్ను, వేయాలి, చేతిలో ఏప్రిల్ కొనుగోలు బిల్లు ఒక్కటీ లేదు.

దుకాణం వెనక గదిలో పప్పు బస్తాల పక్కన ఒక చెక్కబల్ల, దాని మీద అరచేతి వెడల్పు కంప్యూటర్, కింద ఇన్వర్టర్. అందులో ఉబుంటు మీద ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. షావుకారు గారి మేనల్లుడు చదువుకునే రోజుల్లో పెట్టి, పై చదువులకు దేశం దాటాడు. పని శుభ్రంగా చేశాడు, రోజూ బ్యాకప్ కూడా పడుతోంది. ఒక్క మెయిల్ దగ్గరే, వెళ్తోంది కదా అని వదిలేశాడు. అలా వదిలేసిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి అతన్ని పెద్దగా అనను.

టిక్కు ఎవరు వేశారు

సాఫ్ట్‌వేర్‌లో బయటికి వెళ్లే మెయిల్ సెట్టింగు తెరిస్తే, పంపే పద్ధతి దగ్గర "సెండ్‌మెయిల్" అని ఉంది. అంటే సాఫ్ట్‌వేర్ తానుగా ఎక్కడికీ వెళ్లదు. ఉత్తరాన్ని అదే కంప్యూటర్‌లో ఉన్న పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రాం చేతిలో పెడుతుంది. పోస్ట్‌ఫిక్స్ "తీసుకున్నాను" అనగానే తెర మీద పచ్చ టిక్కు వేస్తుంది. గుమస్తా ఉత్తరాన్ని దుకాణం అరుగు మీద పెట్టి వచ్చి "పంపేశానండీ" అన్నట్టు. అబద్ధం కాదు, కానీ నిజం అక్కడితో పూర్తి కాదు.

పోస్ట్‌ఫిక్స్ వరస చూడమని ఆదేశం ఇస్తే తెర నిండా ఉత్తరాలు దొర్లాయి. ప్రతిదాని కింద ఒకటే కారణం: అవతలి సర్వర్ 25వ పోర్టుకు, అంటే మెయిల్ తీసుకునే నంబరు తలుపుకు, కనెక్షన్ కుదరలేదు, గడువు దాటింది. జవాబు అక్కడే దొరికింది. మార్చిలో పాత లైను తీసేసి, చవకగా వస్తోందని కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నారు. ఆ కంపెనీ 25వ పోర్టును మూసి ఉంచుతుంది. ఇది ఆ ఒక్క కంపెనీ పద్ధతి కాదు. ఇళ్లకూ చిన్న దుకాణాలకూ ఇచ్చే లైన్లలో 25ను మూయడం ప్రపంచమంతా ఉన్న అలవాటు. వైరస్ పట్టిన కంప్యూటర్లు ఆ దారినే చెత్త మెయిళ్లను కుమ్మరిస్తాయి మరి.

ఒకవేళ పోర్టు తెరిచి ఉన్నా లాభం ఉండేది కాదు. మారుతూ ఉండే ఇంటి ఐపీ చిరునామాల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ను పెద్ద సర్వర్లు గుమ్మంలోనే ఆపుతాయి. స్పామ్‌హాస్ సంస్థ పీబీఎల్ అనే జాబితాను అందుకే నడుపుతుంది. అందులో పేరుంటే మీరు తప్పు చేశారని అర్థం కాదు, ఆ చిరునామా నుంచి మెయిల్ సర్వర్ నడపకూడదని అర్థం. పైగా ఆ ఐపీ ఎవరిదని అడిగితే పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్ మన పేరుతో ఉండదు, కంపెనీ పెట్టదు.

మరి అందలేదన్న కబురు ఎవరికీ ఎందుకు రాలేదు? పోస్ట్‌ఫిక్స్ మామూలు అమరికలో ఉత్తరాన్ని 5 రోజులు పట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈలోగా ఆలస్యమవుతోందని చెప్పదు. ఆ హెచ్చరిక మనం అడిగితే తప్ప రాదు. ఆరో రోజు ఉత్తరాన్ని పంపినవారికి తిప్పి ఇస్తుంది. పంపినవారు ఎవరు? బిల్లు మీద షావుకారు గారి పేరుంది, కానీ కవరు మీద ఉన్నది వెబ్ సర్వర్ నడిచే లోపలి ఖాతా పేరు. ఈమెయిల్‌కు లోపలి ఉత్తరం వేరు, పైన కవరు వేరు. చదివేవాళ్లకు కనిపించేది ఉత్తరం మీది పేరు. తిరుగు టపా వెళ్లేది కవరు మీది చిరునామాకు. తిరిగొచ్చినవన్నీ ఆ కంప్యూటర్ లోపలే ఒక డబ్బాలో పడ్డాయి. ఆ డబ్బా ఉందని కూడా ఎవరికీ తెలియదు. దాన్ని తెరిచి ఏప్రిల్ నాటి ఉత్తరం ఒకటి గుమస్తాకు చూపించాను. అతను కాసేపు చూసి, "అంటే ఇది రోజూ చెబుతూనే ఉందా?" అన్నాడు. చెబుతూనే ఉంది. ఈ కేసంతా నాకు గుర్తుండిపోయింది ఆ మాట వల్లే.

ఏ దారిన పంపాలి

పాతపట్నం అకౌంటెంటు గారికి ఏప్రిల్ బిల్లులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి గుమస్తాను బండి మీద పంపాం. అత్యవసరం తీరాక స్థిమితంగా కూర్చున్నాం.

మొదటి దారి గుమస్తా జీమెయిల్. షావుకారు గారికి అదే తేలికగా తోచింది. జీమెయిల్ 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డుతో ఇలాంటి సాఫ్ట్‌వేర్లను లోపలికి రానివ్వడం మానేసింది. రెండంచెల భద్రత పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు విడిగా తీసుకోవాలి. అది చేయవచ్చు. రోజుకు 500 హద్దు కూడా ఈ దుకాణానికి సరిపోతుంది. అయితే బిల్లు మీద దుకాణం పేరుతో ఉన్న చిరునామా పెట్టినా, విడిగా ధ్రువీకరించుకోకపోతే జీమెయిల్ దాన్ని చెరిపి గుమస్తా చిరునామానే వేస్తుంది. రేపు ఆ అబ్బాయి ఇంకో దుకాణానికి మారితే బిల్లులూ అతనితో పాటే వెళ్తాయి. వద్దన్నాను.

దుకాణానికి సొంత డొమైన్ ఉంది, దానికి డబ్బు కట్టి తీసుకున్న మెయిల్‌బాక్సులు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ వాడడం లేదు, ఏటా రుసుము మాత్రం కడుతున్నారు. ఆ మెయిల్ కంపెనీ సర్వర్‌కు పేరూ పాస్‌వర్డూ చెప్పి లోపలికి వెళ్లి, వాళ్ల చేత పంపించుకోవడమే సరైన దారి. మన కంప్యూటర్ ఉత్తరం రాస్తుంది, వాళ్ల సర్వర్ మోస్తుంది. నెలకు వేలల్లో పంపేవాళ్లకు అందుకోసమే ఉన్న రిలే సేవలు మేలు. రోజుకు ఇరవై బిల్లులు, ఒకటో తేదీన ఖాతా పట్టీలు పంపే దుకాణానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

సెట్టింగుల పేజీలో ఆరు గడులున్నాయి: సర్వర్ పేరు, పోర్టు, ఎన్‌క్రిప్షన్, యూజర్ పేరు, పాస్‌వర్డు, పంపేవారి చిరునామా. అవి నింపడం పావుగంట పని అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

పోర్టు 587 అని వేసి, ఎన్‌క్రిప్షన్ దగ్గర ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకున్నాను. వెర్షన్ నంబర్ తప్పంటూ ఒక ఎర్రర్ వచ్చింది. ఈ ఎర్రర్ చూసి చాలామంది సర్టిఫికెట్ల వెంట పడతారు, సర్వర్‌ను అప్‌డేట్ చేస్తారు, రాత్రంతా కూర్చుంటారు. విషయం చిన్నది. 465వ పోర్టులో తలుపు మూసి గడియ పెట్టాకే మాట మొదలవుతుంది. 587లో ముందు వాకిట్లో పలకరింపులు, తర్వాత "లోపలికి వెళ్లి మాట్లాడదాం" అని స్టార్ట్‌టీఎల్‌ఎస్ చెప్పుకుని గడియ పెట్టుకుంటారు. నేను 587కు వెళ్లి మొదటి మాటే గుప్తభాషలో మొదలుపెట్టాను. అవతలి సర్వర్ మామూలు భాషలో నమస్కారం పెట్టింది. ఆ నమస్కారాన్ని నా వైపు ప్రోగ్రాం గుప్తభాషగా చదవబోయి, ఇదేం వెర్షన్ అంది.

ఈ గందరగోళానికి చరిత్ర ఉంది. 465ను 1997లో ఇచ్చి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. 1998లో 587 వచ్చింది. చివరికి 2018 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, మొదటి నుంచీ గడియ పెట్టుకునే 465నే వాడమని చెప్పింది. మధ్య ఇరవై ఏళ్లలో రాసిన పాఠాలన్నీ 465 పాతబడిందనే చెబుతాయి. రెండూ పనిచేస్తాయి, జతలు కలపకుండా ఉంటే చాలు: 465కు ఎస్‌ఎస్‌ఎల్, 587కు స్టార్ట్‌టీఎల్‌ఎస్. సాఫ్ట్‌వేర్‌లో కొన్నిసార్లు రెండోదాన్ని ఊరికే టీఎల్‌ఎస్ అని రాస్తారు, అదింకో తికమక. నేను 465 పెట్టి ముందుకు వెళ్లాను.

ఎర్ర పుస్తకంలో పాస్‌వర్డు

ఇప్పుడు 535 వచ్చింది. పేరో పాస్‌వర్డో తప్పని అర్థం.

పాస్‌వర్డు షావుకారు గారి ఎర్ర ఖాతా పుస్తకం మొదటి పేజీలో ఉంది, "శ్రీరామ" అని రాసిన దాని కిందే, మేనల్లుడి చేతిరాతతో. పద్నాలుగు అక్షరాలు. రెండుసార్లు జాగ్రత్తగా కొట్టాను, అదే 535. మెయిల్ కంపెనీ వెబ్ పేజీలో అదే పాస్‌వర్డు ఇస్తే తలుపు తెరుచుకుంది. స్వాక్స్ అనే చిన్న పరీక్ష సాధనం ఉంది, కమాండ్ లైన్ నుంచి ఎస్‌ఎంటీపీ (మెయిల్ అందించుకోవడానికి సర్వర్లు వాడే భాష) సంభాషణ మొత్తాన్ని కళ్ల ముందు జరిపి చూపిస్తుంది. దానితో పంపితే 235 అని ఒప్పుకుని ఉత్తరం తీసుకుంది. అంటే లైను, పోర్టు, పాస్‌వర్డు అన్నీ మంచివే, సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లాక ఏదో మారుతోంది.

ఈ సాఫ్ట్‌వేర్ సెట్టింగులను ఒక మామూలు పాఠ్య ఫైలులో దాచుకుంటుంది. ఆ ఫైలులో హాష్ గుర్తు (#) కనిపిస్తే, అక్కడి నుంచి వరస చివరిదాకా ప్రోగ్రాం పట్టించుకోని వ్యాఖ్య కింద లెక్క. పాస్‌వర్డులో తొమ్మిదో గుర్తు హాష్. సాఫ్ట్‌వేర్ సర్వర్‌కు ఎనిమిది అక్షరాలే పంపి, మిగతా ఆరూ తనకు సంబంధం లేని వ్యాఖ్య అనుకుంది. పాస్‌వర్డుకు రెండు వైపులా కోట్ గుర్తులు పెట్టాను.

అయినా 535!

ఈసారి తప్పు నాదే. బిల్లులు పంపే పనిని వెనక ఒక వర్కర్ ప్రోగ్రాం చేస్తుంది. అది పొద్దున మొదలైనప్పుడు చదివిన సెట్టింగులనే సాయంత్రం దాకా పట్టుకుని ఉంటుంది. కొత్త ఫైలు రాసినా అది పాత పాస్‌వర్డునే పంపుతూ పోయింది. దాచుకున్న పాత సెట్టింగుల కాష్ చెరిపి, వర్కర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టగానే పరీక్ష ఉత్తరం వెళ్లిపోయింది. సెట్టింగు మార్చాక ఆ మార్పును చదువుకోవాల్సినవన్నీ చదువుకున్నాయా అని చూడకుండా ఇంకో సెట్టింగు మార్చకూడదని ఇరవైసార్లు ఇతరులకు చెప్పి ఉంటాను.

ఇంకో చోట, జయపురంలో, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే డాకర్ కంటైనర్‌లో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే పెట్టె లాంటిది) పెట్టి మెయిల్ సర్వర్ పేరు దగ్గర లోకల్‌హోస్ట్ అని రాశారు. కంటైనర్ లోపలి నుంచి లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, బయట ఉన్న కంప్యూటర్ కాదు. లేని మెయిల్ సర్వర్‌ను తన ఇంట్లోనే వెతుక్కుంటూ ఉండేది. పర్లాకిమిడిలో ఆ ఇబ్బంది లేదు.

వెళ్లింది, కానీ స్పామ్‌లోకి

మొదటి నిజమైన బిల్లు పాతపట్నం వెళ్లింది. అకౌంటెంటు గారు ఫోనులో, "వచ్చింది బాబూ, కానీ చెత్తబుట్టలోంచి తీశాను" అన్నారు. ఇక్కడికి పని సగమైందంతే.

1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821తో ఎస్‌ఎంటీపీ మొదలైనప్పుడు, పంపినవాడు నిజంగా ఆ పేరుగలవాడేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. ఎవరి పేరుతోనైనా ఎవరైనా రాయవచ్చు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత వచ్చినవే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మూడూ డొమైన్ డీఎన్‌ఎస్‌లో, అంటే ఎవరైనా అడిగి చూసుకోగల దాని వివరాల పట్టీలో, రాసేవే. ఎస్‌పీఎఫ్: నా పేరు మీద కవరు మోసే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది. డీకిమ్: ఉత్తరం మీద నా ముద్ర ఇది, సరిచూసుకోండి. డీమార్క్: చదివేవారికి కనిపించే పేరు ఈ రెండిటిలో ఒకదానితోనైనా కలవకపోతే ఏం చేయాలో ఇదిగో. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలంటోంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 దాటి పంపేవారికి మూడూ తప్పనిసరి. మనకు ఆ సంఖ్య లేదు, కానీ మూడూ పెట్టుకోకపోవడానికి కారణమూ లేదు.

అకౌంటెంటు గారికి వచ్చిన ఉత్తరం ఒరిజినల్ తెరిపించి చూస్తే ఎస్‌పీఎఫ్ దగ్గర శాశ్వత దోషం అని ఉంది. డీఎన్‌ఎస్ తీశాను. ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయి! ఒకటి మెయిల్ కంపెనీది. రెండోది వెబ్‌సైట్ తయారుచేసినవారు తమ సర్వర్ కోసం పెట్టింది. ఎవరికివారు తమది చేర్చి వెళ్లారు. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులుంటే అవి కూడుకోవు, రెండూ చెల్లకుండా పోతాయి. ఒకే ఇంటికి రెండు వీలునామాలు దొరికినట్టు. రెండింటినీ ఒకే వరసలోకి కలిపాను. లోపల డీఎన్‌ఎస్ అడగడాలు 10 దాటకూడదన్న నియమం ఉంది కాబట్టి లెక్కపెట్టుకున్నాను. నాలుగే.

డీకిమ్ దగ్గర ఇంకొంచెం సేపు పట్టింది. మెయిల్ కంపెనీ 2048 బిట్ల కీ ఇచ్చింది. ముందు రాసే గుర్తులతో కలిపి ఆ రికార్డు 410 అక్షరాలు. డీఎన్‌ఎస్ పాఠ్య రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు మించకూడదు, కాబట్టి రెండు ముక్కలుగా పక్కపక్కన రాయాలి. కొన్ని ప్యానెళ్లు తామే విడగొడతాయి. ఇక్కడి ప్యానెల్ విడగొట్టలేదు, ఎర్రర్ కూడా చూపలేదు. సేవ్ అయిందని చెప్పి 255 దగ్గర కత్తిరించేసింది. ముద్ర సరిపోలడం లేదని జవాబు వస్తుంటే, బయటి నుంచి డీఎన్‌ఎస్‌ను అడిగి, వచ్చిన కీ చివరి అక్షరాలను మెయిల్ కంపెనీ ఇచ్చిన కీ చివరి అక్షరాలతో పక్కపక్కన పెట్టి చూశాం. గుమస్తా ఒక్కో అక్షరం చదువుతుంటే నేను టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. కీ సగం దాటాక పాట హఠాత్తుగా ఆగిపోయింది. ప్యానెల్‌లో చూపేదాన్ని కాదు, బయటి ప్రపంచానికి కనిపించేదాన్నే సరిచూసుకోవాలి.

డీమార్క్‌ను మొదట ఏ చర్యా వద్దన్న స్థాయిలోనే పెట్టి, నివేదికలు మాత్రం ఒక మెయిల్‌బాక్సుకు పంపమన్నాను. ఈ స్థాయిని పనికిరానిదని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సొంత ఇంట్లో ఎవరెవరు తిరుగుతున్నారో తెలియకుండా తాళం వేస్తే ఇంటివాళ్లే బయట ఉండిపోతారు. వారం రోజుల నివేదికల్లో ఒక కొత్త సర్వర్ బయటపడింది: దుకాణం వెబ్‌సైట్‌లో "మమ్మల్ని సంప్రదించండి" పేజీ. అది దుకాణం పేరుతోనే మెయిల్ పంపుతోంది, కానీ కవరు మీద వెబ్ కంపెనీ డొమైన్. ఎస్‌పీఎఫ్ నెగ్గినా, నెగ్గింది మన పేరు కాదు. వాళ్ల కోసం ఎస్‌పీఎఫ్‌లో ఉంచిన చేర్పు వల్ల ఇన్నాళ్లూ ఏ లాభమూ లేదని అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ మొదటి వారంలో మాత్రం బాగుండే బిల్లులు

బిల్లులు ఇన్‌బాక్సుల్లోకి చేరుతున్నాయి. గుమస్తా అప్పుడు ఇంకో మాట అన్నాడు. "కొందరి దగ్గర శీర్షికలో ఊరి పేరు విరిగిపోయి కనిపిస్తుందండీ. ఏప్రిల్‌లో కొత్త పుస్తకం తెరిచిన కొత్తలో నాలుగైదు రోజులు బాగుంటుంది. తర్వాత ఏడాదంతా పాడే."

ముందు నవ్వాను. కొత్త పుస్తకానికీ మెయిల్ శీర్షికకూ ఏం సంబంధం అనుకున్నాను. అతను ఫోనులో ఒకటి చూపించాడు. "బిల్లు నం.412: పర్ల" దాకా బాగుంది. తర్వాత ప్రశ్న గుర్తున్న రెండు నల్ల వజ్రాలు, ఆపైన "కిమిడి".

మెయిల్ శీర్షికలో నేరుగా తెలుగు అక్షరాలు వెళ్లవు. పాత నియమం ప్రకారం వాటిని బేస్64 అనే సంకేతంలోకి మార్చి, ముక్కలుగా పంపాలి. ఒక్కో ముక్క 75 అక్షరాలు మించకూడదు. ముందూ వెనకా ఉండే గుర్తులకు 12 పోతే, లోపల పట్టేది 45 బైట్లు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ తలా 3 బైట్లు. ఒడియాకూ అంతే. అంకెకూ చుక్కకూ ఖాళీకీ ఒక్కో బైటు. ముక్క ఎక్కడ తెగినా అక్షరం మధ్యలో తెగకూడదన్నది నియమం. శీర్షిక తయారుచేసే నాలుగు వరసల కోడ్‌ను మేనల్లుడు చేత్తో రాశాడు, అది కళ్లు మూసుకుని 45 బైట్లకొకసారి కోస్తోంది.

కాగితం మీద లెక్క వేశాం. "బిల్లు నం." అన్న దానికి 26 బైట్లు. నంబరు రెండంకెలైతే 28. కోలన్, ఖాళీ కలిపి 30. మిగిలిన 15లో సరిగ్గా ఐదు గుర్తులు పడతాయి: ప, ర, పొల్లు, ల, దీర్ఘం. అంటే "పర్లా" దగ్గర కోత శుభ్రంగా పడుతుంది. నంబరు మూడంకెలైతే ఒక బైటు జరుగుతుంది, కోత దీర్ఘం నడుమ పడుతుంది. అందుకే 10 నుంచి 99 దాకా బాగుండి, 100 నుంచి విరుగుతున్నాయి. ఏప్రిల్ 1న నంబర్లు మళ్లీ ఒకటితో మొదలవుతాయి, రోజుకు ఇరవై బిల్లులంటే వంద చేరడానికి నాలుగైదు రోజులు. అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. లెక్క ప్రకారం 1 నుంచి 9 దాకా కూడా విరగాలి కదా అని పాత ఉత్తరాలు తీయించాం. విరిగాయి. కొందరికే విరగడానికీ కారణం ఉంది: కొన్ని మెయిల్ ప్రోగ్రాంలు ముక్కలన్నీ అతికించాక విప్పుతాయి, కొన్ని ఏ ముక్కకా ముక్క విప్పుతాయి.

చేత్తో రాసిన కోడ్ తీసేసి, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మెయిల్ లైబ్రరీకే ఆ పని అప్పగించాను. ఊరి పేరు కుదురుగా నిలిచింది. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడిన ఊరు. బిల్లు మీద కూడా దాని పేరు విరగకూడదని షావుకారు గారి పట్టుదల, నాకూ నచ్చింది.

జవాబు ఇవ్వకండి అనే చిరునామా

సెట్టింగుల పేజీలో ఆరో గడి మిగిలింది, పంపేవారి చిరునామా. మేనల్లుడు అక్కడ "నోరిప్లై" అని పెట్టాడు, పెద్ద కంపెనీలు అలాగే పెడతాయి కాబట్టి. ఆ పేరుతో మెయిల్‌బాక్సు నిజంగానే ఉంది. పాస్‌వర్డు మార్చి తెరిచాం. లైను బాగున్న రోజుల నుంచీ పోగుపడిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. బిల్లు అందుకున్న కొట్లవాళ్లు దానికే జవాబు రాసేస్తున్నారు. ఒకరు "పంచదార ఇంకో రెండు బస్తాలు వేయండి" అన్నారు. ఒకరు ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ పడిందని రెండుసార్లు రాశారు. షావుకారు గారు చదువుతూ, "ఈ బాకీ గురించే కదా అతనూ నేనూ ఆరు నెలలు మాట్లాడుకోలేదు" అన్నారు. నేను ఏమీ అనలేదు.

"లెక్కలు" అని కొత్త మెయిల్‌బాక్సు తీసి, ఉత్తరం మీదా కవరు మీదా అదే చిరునామా పెట్టాం. జవాబులూ తిరుగు టపా రెండూ అక్కడికే వస్తాయి, గుమస్తా రోజూ దుకాణం కట్టేముందు చూస్తాడు. తిరుగు టపా చదవడం అతనికి ఒక పూటలో వచ్చేసింది. కోడ్ 4తో మొదలైతే అవతలి సర్వర్ తర్వాత రమ్మంటోంది, మన వైపు మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆగాలి. 5తో మొదలైతే రానివ్వనంటోంది, కింద ఉన్న వాక్యం చదివి ఖాతాదారుకు ఫోను చేయాలి. మొదటి వారంలో వచ్చిన 5లన్నీ దాదాపు ఒకే రకం: అలాంటి ఖాతా లేదు. చిరునామాలో అక్షరం తారుమారు. ఒక కొట్టాయన చిరునామా మూడేళ్లుగా తప్పే.

జూన్ ఒకటిన ఖాతా పట్టీలు ఒకేసారి వదిలినప్పుడు మధ్యలో 4లు వరసగా వచ్చాయి, గంటకు ఇన్నే అని మెయిల్ కంపెనీ హద్దు ఉందట. వర్కర్‌ను ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య ఆగి పంపమన్నాను. రాత్రి పడుకునేలోపు అన్నీ వెళ్లిపోయాయి.

జూన్ నెలాఖరులో డీమార్క్‌ను, సరిపోలనివాటిని స్పామ్‌లో వేయమనే స్థాయికి పెంచాను. పూర్తిగా తిప్పికొట్టే స్థాయికి ఇంకా పెంచలేదు. వెబ్‌సైట్ వారు సంప్రదింపుల పేజీని కూడా 465 మీదుగా పంపేలా మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు. నివేదికల్లో ఆ సర్వర్ కనిపించడం మానిన రోజు మిగతాది చేస్తాను. పాస్‌వర్డు మార్చాం, హాష్ లేకుండా. సెట్టింగుల ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ ఖాతా తప్ప ఇంకెవరూ చదవలేకుండా హక్కులు తగ్గించాను. ఎర్ర పుస్తకంలో మొదటి పేజీ చింపేద్దామంటే షావుకారు గారు ఒప్పుకోలేదు, "శ్రీరామ" అని ఉంది కదా. పాత పాస్‌వర్డు మీద అడ్డగీత కొట్టి, కొత్తది రాయకుండా ఊరుకున్నారు.